భోంగా ముచ్చట్లు: ఎవరి గొంతు?

పోయిన నెల ఈ పేజీలో పాత క్యాసెట్ల గురించి నాలుగు మాటలు రాసిన. దానికి ముగ్గురు నలుగురు ఇంటికే వచ్చి అడిగిండ్రు. భివండి నుంచి ఒక తమ్ముడు ఫోన్ కూడా చేసిండు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఇప్పుడు ఫోన్‌ల పాటల సీడీలు, పెన్‌డ్రైవులు అమ్ముతున్నరు కద. ఆర్డర్ చెయ్యొచ్చా? ఏం చూసి కొనాలె?" అని.

నేను ఒకసారి మోసపోయిన, ఒకసారి సరిగ్గా కొన్న. రెండూ రాస్తా. చదివి మీకేది పనికొస్తే అది తీసుకోండి.

ముందు ఒక సంగతి చెప్పాలె. మా ఇంట్ల పాట మొదటి నుంచి మా ఇంటామెదే, నాది కాదు. నేను పనిచేసిన చోట పాట వినిపించదు. సాంచాల ఖాతాలో రెండు గజాల దూరంలో నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలె, లేకుంటే చేతితో సైగ చేయాలె. మా జాబర్‌కూ నాకూ నడిచిన మాటలన్నీ వేళ్ల మీదే నడిచినయ్. మిల్లు మూతపడ్డాక పవర్‌లూమ్ షెడ్లకు పోయిన, అక్కడా అదే మోత. ఆమెది బీడీల పని. నలుగురు ఆడోళ్లు చాటలు ఒళ్ళో పెట్టుకొని గుమ్మం ముందర కూర్చుంటే కత్తెర చప్పుడు తప్ప ఇంకేముంటది? ఎవరో ఒకరి ఇంట్ల టేప్ రికార్డర్ నడిచేది. వెయ్యి బీడీలు అయ్యేసరికి నాలుగు క్యాసెట్లు రెండు వైపులా అయిపోయేవి.

ఆ క్యాసెట్లు కొన్నది ఎట్ల? షోలాపూర్ పూర్వ భాగంలో పెరిగిన నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటది. దుకాణానికి పోతే దుకాణదారు క్యాసెట్ తీసి మిషన్‌ల వేసి వినిపించేవాడు. నచ్చితే కొనేది, నచ్చకపోతే ఇంకోటి వేయమనేది. డబ్బు తక్కువుంటే ఖాళీ క్యాసెట్ ఇచ్చి, కావాలన్న పాటల పేర్లు కాగితం మీద రాసి ఇచ్చేది. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఇంత, తొంభై నిమిషాల దానికి ఇంత అని రేటు. రెండు రోజుల తర్వాత పోయి తెచ్చుకునేది. అట్ల నింపి అమ్మడం చట్టానికి ఒప్పుకాదని మాకు అప్పుడు తెల్వదు. ఒకటి మాత్రం నిజం, కొనకముందే గొంతు చెవిలో పడేది. ఎవరు పాడిండ్రో అడిగే పనే లేకుండె.

మా ఇంటామె అందరికన్నా ఎక్కువ విన్నది ఘంటసాల గారి భగవద్గీత. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కాలం చేసిండు. ఆయన తన చివరి రోజుల్లో హెచ్.ఎం.వి. కంపెనీకి పాడింది ఈ గీత. శ్లోకం పాడుతడు, దాని వెనుక తెలుగులో తాత్పర్యం చెప్తడు. నేను చదివింది నాలుగో తరగతి, ఆమె అదీ చదవలేదు. గీత మా ఇద్దరికీ పుస్తకంలో దొరకలేదు, చెవిలో పడ్డది. సెలవు రోజు మధ్యాహ్నం నేను మంచం మీద ఒరిగి ఉంటే, ఆమె ఆకు కత్తిరించుకుంట వినేది. నేను సగం నిద్రలో వినేవాణ్ణి. అట్లనే నాకు కూడా చాలా వరకు నోటికొచ్చింది.

ఆ క్యాసెట్ టేపు చుట్టుకొని తెగింది. ఒకసారి అతికించిన, మళ్లీ తెగింది. తర్వాత టేప్ రికార్డరే పోయింది. ఇరవై ఏండ్లు గడిచినయ్.

పోయిన ఏడాది ముందు శ్రావణంలో, మార్కండేయ రథోత్సవం అయిన నాలుగు రోజులకు, ఆమె ఒకనాడు రాత్రి అన్నం పెడుతూ "నాకు ఆ గీత మళ్లొకసారి మొత్తం వినాలని ఉన్నది" అన్నది. ఆమె ఏదన్నా కావాలని నోరు తెరిచి అడిగింది నాకు గుర్తున్నంతల మూడోసారి. మొదటిది కుక్కర్, రెండోది బిడ్డ పెండ్లికి పట్టు చీర.

మా కోడలు వద్దన్నది. అందులో ఆమె తప్పు లేదు. మన వాడల సంగతి మీకు తెలుసు. చావు అయిన ఇంట్ల మైకు పెట్టి ఈ గీతే వేస్తరు. పొద్దుగాల్నే ఘంటసాల గొంతు గీత చెప్తుంటే జనం "ఎవరు పోయిండ్రు?" అని బయటకొస్తరు. "ఇంట్ల అది వద్దత్తమ్మా, చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటరు" అన్నది కోడలు. ఆమె ఏమన్నదంటే, "పోయినోళ్లకు ఏం వినపడ్తదే? నేను బతికుండంగనే వింట."

ఇగ కొనుడు అక్కడ ఖాయమైంది. పాటల సామాను ఎట్ల కొంటరని అడిగినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ధర, బొమ్మ, చుక్కలు అన్నీ తర్వాత. ఇంట్ల ఒకరు అడుగుతరు. ఇంకొకరు వద్దంటరు. ఆ ఇద్దరి నడుమ తేలినాకనే ఫోన్ చేతికొస్తది.

మా మనవడు ఫోన్‌ల పేరు కొట్టిండు. ఒక్కటి కాదు, పుట్టెడు వచ్చినయ్. సీడీలు, ఎం.పి.త్రీ సీడీలు, పెన్‌డ్రైవులు, రేడియో లాంటి డబ్బాలు. నాకు ఇంగ్లీషు రాదు. నేను చూసినవి రెండే రెండు: బొమ్మ, ధర. ఒక అట్ట మీద ఘంటసాల గారి నిండు ముఖం ఉన్నది, పక్కన కృష్ణుడు, అర్జునుడు, రథం. ధర 199. నా పింఛను సంగతి మీకు కొత్తగా చెప్పాలా? 2014 సెప్టెంబరులో కనీస పింఛను వెయ్యి రూపాయలని పెట్టిండ్రు, ఆ వెయ్యి దగ్గరే అది కూర్చున్నది. వెయ్యిలో 199 అంటే చిన్న సంగతి కాదు. పక్కన ఇంకోటి 450 ఉన్నది, దాని అట్ట మీద అంత మంచి బొమ్మ లేదు. "ఇదే తీసుకో" అన్న. ఎక్కువ ధర దాన్లో ఏమున్నదో చదవమని మనవణ్ణి అడగలేదు. అది నా తప్పు.

నాలుగు రోజులకు డబ్బా వచ్చింది. పక్కింట్ల పాత ప్లేయర్ ఉంటే తెచ్చినం. వేస్తే పలకలేదు. మనవడు చూసి అది ఎం.పి.త్రీ సీడీ అన్నడు. ఇది చాలామందికి తెల్వదు కాబట్టి రాస్తున్న. మామూలు ఆడియో సీడీలో ఎనభై నిమిషాల వరకే పాట పడుతది. అదే బిళ్ల మీద పాటను కుదించి ఎం.పి.త్రీగా పెడితే వంద పాటలు దాటి పడుతయ్. కానీ పాత ప్లేయర్లు కొన్ని ఆడియో సీడీనే చదువుతయ్, ఎం.పి.త్రీని చదవవు. రెండూ చూడడానికి ఒక్క తీరే. కాబట్టి బిళ్ల కొనే ముందు మీ ఇంట్ల మిషన్ మీద ఏం రాసి ఉన్నదో చూడాలె. మేం మళ్లీ తిరిగి మా చిన్నల్లుడి ఇంటి నుంచి ఇంకో ప్లేయర్ తెచ్చినం.

అప్పుడు పలికింది. సంగీతం అదే. శ్లోకం అదే. నేను సంతోషంగా ఆమె ముఖం చూసిన. ఆమె ముఖం మారిపోయింది. "ఇది ఆయన కాదయ్యా" అన్నది.

"ఆయన కాకపోతే ఎవరు? అదే కద" అన్న నేను.

"నీకు వినపడ్తలేదా? ఇది ఆయన గొంతు కాదు."

మనవడు కూడా విని "అవును తాతా, వేరే వాళ్లు" అన్నడు. అట్ట తిప్పి చూస్తే వెనుక నువ్వు గింజంత అక్షరాలతో వేరే పేరు ఉన్నది. ముందర మాత్రం ఘంటసాల.

మోసం జరిగింది, 199 పోయినయ్, అది ఒక బాధ. కానీ ఆ రాత్రి నన్ను నిద్రపోనియ్యంది వేరే. ఆమెకు రెండు వాక్యాల్లో తెలిసిన తేడా నాకు తెల్వలేదు. ఎనిమిదేండ్ల ముందు దాకా నాకు కూడా తెలిసేది. ఘంటసాల గొంతు పోల్చుకోలేని రోజు నాకు వస్తదని నేను అనుకోలేదు.

తర్వాత చెవి చూపించుకున్న. డాక్టరు ఒక కాగితం మీద గీత గీసి చూపించిండు. ఎడమ పక్క పైన మొదలై కుడి పక్కకు వచ్చేసరికి జారిపోయింది. మోతలో పనిచేసినవాళ్లకు మొదట పోయేది సన్నని, తీక్షణమైన ధ్వనులట. మాటలో స, శ, త, క లాంటివి ముందుగా మసకబారుతయ్. మనిషి మాట్లాడుతున్నడని తెలుస్తది, ఏమన్నడో తెల్వది. గొంతుకు గొంతుకు ఉండే సన్న తేడాలూ అట్లనే పోతయ్. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటొద్దని ఫ్యాక్టరీల నియమం. నాడె అటూ ఇటూ కొట్టుకునే షెడ్డులో నిలబడ్డవాళ్లకు అది దాటిందో లేదో డెసిబెల్ మిషన్ చెప్పనక్కర లేదు. మోత వల్ల వచ్చే చెవుడును ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి రోగాల పట్టీలో రాసిండ్రు కూడా. రాసిండ్రని మాకు ఎవరూ చెప్పలేదు. దూది పెట్టుకొమ్మని మాత్రం ఒక ముసలి నేతగాడు చెప్పిండు, నేను నవ్విన.

ఈ ముచ్చట పాట కొనుడులోకి ఎందుకు తెచ్చినంటే, మన ఇండ్లల్లో నా తీరు చెవులు చాలా ఉన్నయ్. ఫోన్‌ల అర నిమిషం పాట వినిపించి "నచ్చిందా, కొను" అంటరు. ఆ చిన్న స్పీకర్ల వచ్చేదే సన్న శబ్దం. నా లాంటోనికి అది గాలి చప్పుడు. దాన్ని నమ్మి నేను కొనొద్దు. చెవి బాగున్నోళ్లు విని చెప్పాలె. డప్పులు, బీట్లు దట్టించి కొత్తగా చేసిన పాత పాటలు ఉంటయ్ చూడండి, వాటిల్లో మాట అసలే వినపడదు. వెనుక వాయిద్యం తక్కువ ఉండి గొంతు ముందుకు వచ్చే పాత రికార్డే మాకు మేలు. మా వాడలో ఒకాయన పాత సినిమా పాటలని కొని, గొంతు ఎప్పుడు వస్తదో అని పది నిమిషాలు కూర్చున్నడు. అది ఉత్త వాయిద్యాలతో వాయించింది. అట్ట మీద "ఇన్‌స్ట్రుమెంటల్" అని రాసే ఉన్నది. "కరావోకే" అని ఉన్నా అంతే, పాడేది మనమే.

మళ్లీ ఆ వేరే గొంతు సంగతికి వస్తా. గీత శ్లోకం ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా పాడుకోవచ్చు, పాడాలె కూడా. ఎల్.వి. గంగాధర శాస్త్రి గారు మొత్తం 700 శ్లోకాలు తాత్పర్యంతో పాడిండ్రు. ఘంటసాల పాడినవి ఏరుకున్న శ్లోకాలే. గీత మొదటి నుంచి చివరి దాకా కావాలన్నోళ్లు శాస్త్రి గారిది కొనుక్కోవచ్చు, అది ఆయన పేరు మీద, ఆయన బొమ్మతో వస్తది. దాన్ల దాపరికం ఏమున్నది? నాకు కోపం ఒకరి ముఖం పెట్టి ఇంకొకరి గొంతు అమ్మినదాని మీద.

పాత పాటను కొత్తవాళ్లతో పాడించి తక్కువ ధరకు అమ్ముడు కొత్త వ్యాపారం కాదు. క్యాసెట్ల కాలంలోనే మస్తుగా నడిచింది. హిందీ పాటలు అట్ల వేరే గొంతులతో ఎన్ని కొన్నమో మనకే లెక్క లేదు. అప్పటి చట్టంలో దానికి సందు ఉండె. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి 31సి అని ఒక సెక్షన్ పెట్టిండ్రు. మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిసినాక అయిదేండ్లు గడిస్తేనే ఆ పాటను మళ్లీ పాడించి అమ్మాలె. అట్ట మీద ఇది "కవర్ వర్షన్" అని రాయాలె. ముందు పాడిన గాయకుని పేరు గానీ బొమ్మ గానీ దాని మీద వేయొద్దు. ఇది మా యూనియన్‌ల వకీలు దగ్గర పనిచేసిన ఒకాయన నాకు చదివి చెప్పిండు. కాబట్టి అట్ట మీద "కవర్", "ట్రిబ్యూట్" లాంటి మాట కనిపిస్తే అది అసలు గొంతు కాదని తెలుసుకోండి. ఆ మాట లేకున్నా వెనుక పేరు చూడండి.

పైసలు వాపసు అడిగినం. విప్పిన బిళ్ల తీసుకోం అన్నరు. ఆ సంగతి అమ్మే చోటే రాసి ఉన్నదట, మేం చదవలేదు. నేను ఊరుకోక, కస్టమర్ కేర్ నంబరు ఫోన్‌ల వెతికి పట్టి ఫోన్ కొట్టిన. అవతలాయన మస్తు మర్యాదగా మాట్లాడిండు. "బాబాయ్, మీ పైసలు ఇప్పుడే వేస్తం, ఒక గీతల బొమ్మ పంపుతున్న, దాన్ని స్కాన్ చేసి మీ పిన్ నంబరు కొట్టండి" అన్నడు. మనవని ఫోన్ అది. అందులో వాని జీతం ఉన్నది. మా ఇంటామె పక్క నుంచి "పైసలు ఇచ్చేటోడు నీ తాళంచెవి ఎందుకు అడుగుతున్నడు?" అన్నది. ఆ ఒక్క మాటతో ఆగిన. పైసలు రావడానికి పిన్ కొట్టే పని లేదు, పిన్ కొట్టినమంటే పైసలు పోతున్నట్టు. ఆ నంబరు కంపెనీది కానే కాదు. ఇట్ల పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని మనవడు చెప్పిండు. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టినం.

దాని తర్వాత ఎనిమిది నెలలు మా ఇంట్ల ఎవ్వరం పాట ఊసెత్తలేదు. ఒకసారి చెయ్యి కాలినోడు మళ్లీ పొయ్యి దగ్గరికి పోడు. పోయినా దూరం నుంచి చూస్తడు.

"ఉచితంగా వస్తది కదా, కొనుడెందుకు?" అని మా తమ్ముని కొడుకు అడిగిండు. నిజమే, యూట్యూబ్‌ల ఉన్నది. మనవడు పెట్టి ఇచ్చిండు కూడా. అర్జునుడు విల్లు కింద పడేసి కూర్చున్న చోట నడుమ సబ్బు అడ్వర్టైజ్‌మెంటు వచ్చింది. మా ఇంటామె నవ్వింది, తర్వాత ఫోన్ పక్కకు పెట్టింది. అది ఒకటి. రెండోది, ఫోన్ మనవనిది. వాడు పాళీకి పోతే ఫోనూ పోతది. ఆమె గీత వినాలంటే వాని సెలవు దాకా ఆగాలె.

మూడోది మనవడే చెప్పిన ముచ్చట. ఫ్లిప్‌కార్ట్ వాళ్లు 2012లో ఫ్లైట్ అని పాటల దుకాణం పెట్టిండ్రట. ఒక్కొక్క పాటను విడిగా కొని దింపుకునే ఏర్పాటు. 2013లోనే మూసేసిండ్రు. పది పదిహేను రూపాయల పాటలకు గిరాకీ నిలబడలేదు, దొంగ కాపీలు ఊరికే దొరికినయ్. ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ కూడా 2024లో మూసివేత ప్రకటించిండ్రు. దాన్ల పాటల పట్టీలు కట్టుకున్నోళ్లు మా వాడలనే ఎంతోమంది. నెల నెలా డబ్బు కట్టి వినేది కిరాయి ఇల్లు లెక్క. దాన్ని తప్పని నేను అనను, మనవడు అట్లనే వింటడు, వానికి రోజుకొక కొత్త పాట కావాలె. ఆమెకు కావలసింది ఒక్కటే పాట, ఎప్పుడంటే అప్పుడు. ఆమెకు బిళ్లే సరి.

అయితే ఆ ఉచితం మాకు ఒక తీరుగా పనికొచ్చింది. రెండోసారి కొనే ముందు, అసలు గీత ఏ కంపెనీ పేరు మీద ఉన్నదో ఫోన్‌ల వెతికి, ఆ కంపెనీ సొంతంగా పెట్టిన దాన్ని ఆమెకు వినిపించినం. "ఇదే" అన్నది. ఆ పేరు కాగితం మీద రాసుకున్నం. హెచ్.ఎం.వి. అంటే మనకు గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ. ఆ బొమ్మ ఒక్కదాన్నే వెతుక్కుంట కూర్చుంటే లాభం లేదు. ఆ గ్రామఫోన్ కంపెనీకి 2000లో సారెగామ అని పేరు మారింది. ఇప్పుడు అట్ట మీద ఆ పేరు చూడాలె. ఇంకోటి, అట్ట వెనుక గుండ్రటి గీత లోపల ఇంగ్లీషు "పి" అక్షరం, పక్కన ఒక సంవత్సరం ఉంటది. అది రికార్డు హక్కు ఎవరిది, ఏ ఏడాదిది అని చెప్పే గుర్తు. కొత్తగా అచ్చేసినప్పుడు కొత్త ఏడాది వేస్తరు కూడా, కాబట్టి ఏడాదిని పట్టుకొని తీర్పు చెప్పొద్దు. పేరును చూడండి.

ఈసారి పని పంచుకున్నం. మనవడు చదువుడు, ఆమె వినుడు, నేను పైసలు లెక్క పెట్టుడు. వాడు కొన్నోళ్లు రాసిన మాటలు చదివి వినిపించిండు. చుక్కలు చూస్తే అన్నీ మంచివే. కానీ ఆ మాటల్లో సగం పాట గురించి కావు. "డబ్బా తొందరగా వచ్చింది, అయిదు చుక్కలు." "అట్ట చినిగింది, ఒక చుక్క." పాట విన్నడో లేదో తెల్వదు. అందుకే ఒక చుక్క ఇచ్చినోళ్లవి ముందు చదవమన్న. అక్కడ ఒకాయన "అసలు గొంతు కాదు" అని రాసిండు. అది మేం ముందు కొన్న 199 దానికి. మేం కొనకముందే రాసి పెట్టిండు ఆ పుణ్యాత్ముడు. ఎవరో ఏమో, ఏ ఊరాయనో. మేం చదువుకోలేదు, అంతే. తర్వాత మనవనితో దాని కిందనే మేం కూడా ఒక వాక్యం రాయించినం.

రేడియో లాంటి డబ్బా కొందామా అని కూడా చూసినం. సారెగామ వాళ్లే 2017లో కారవాన్ అని తెచ్చిండ్రు, అయిదు వేల పాటలు లోపల నింపి. చూడడానికి మన పాత ట్రాన్సిస్టర్ తీరు. ఆ రూపమే దాన్ని అమ్ముతది అని నాకు అనిపించింది. పుణెలో, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు పంపుతుంటరు. మా గల్లీలో ఒకాయనకు కొడుకు ప్రేమతో పంపిండు. అన్నీ హిందీ పాటలు వచ్చినయ్, పిల్లవాడు భాష చూసుకోలేదు. ఈయన కొడుకు బాధపడ్తడని రోజూ పెట్టుకొని వింటడు. ఇప్పుడు ఆయనకు రఫీ అంటే ఇష్టం పుట్టింది, అది వేరే సంగతి. మాకు మాత్రం ధర అందలేదు, ఆమెకు అయిదు వేల పాటలు అక్కరా లేదు.

చివరికి ఆడియో సీడీనే. ధర 399, తెచ్చిచ్చినందుకు 60. వస్తువు చేతికొచ్చినాక డబ్బిచ్చే పద్ధతి పెట్టించిన. తెచ్చిన పిల్లవాణ్ణి గుమ్మంల నిలబెట్టి, అట్ట విప్పకుండనే మనవడు ముందు వెనుక పేర్లన్నీ చదివిండు. పిల్లవాడు గడియారం చూసుకున్నడు. ఎండలో పడి వచ్చిండు పాపం, ఆమె మజ్జిగ ఇచ్చింది.

కోడలి మాట కూడా పోనియ్యలేదు. తలుపు దగ్గరికి వేసి, శబ్దం తగ్గించి, పొద్దున కాకుండా మధ్యాహ్నం పూట పెట్టింది. మొదటి శ్లోకానికే ఆమె కండ్లు మూసుకున్నది. నేను స్పీకర్ పక్కన కూర్చున్న. నాకు గొంతు వచ్చింది, మాటలు అక్కడక్కడ వచ్చినయ్. నోటికి వచ్చిన చోట నేనే నింపుకున్న. రాని చోట ఆమె నా మోకాలు మీద చెయ్యి వేసి, తాత్పర్యం మళ్లీ గట్టిగ చెప్పింది. మధ్యలో కోడలు చాయ్ తెచ్చి పెట్టి, పోకుండా గోడకానుకొని నిలబడ్డది.

పోయిన వారం మా వెనుకింటి వదినె వచ్చింది. ఆమె కూడా బీడీలామెనే. కొంగు ముడి విప్పి మూడు నూర్లు చేతిల పెట్టి, "మరిదీ, నాకు సుప్రభాతం తెప్పియ్యి" అన్నది.

"ఎవరు పాడింది వదినె?"

"ఎవరు పాడిందేంది? సుప్రభాతం."

"అట్ల కాదు. చాలామంది పాడిండ్రు."

"అగో, పొద్దుగాల గుళ్లె పెడ్తరు చూడు, అది."

నాకు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిదని అనుమానం. 1963లో రికార్డు వచ్చినప్పటి నుంచి గుళ్లల్ల ఎక్కువ వినపడేది అదే. కానీ నా అనుమానం మీద ఆమె మూడు నూర్లు పెట్టదలుచుకోలేదు. మనవణ్ణి పిలిచి ఫోన్‌ల నాలుగు రకాలు వరుసగా పెట్టమన్న. వదినె ఫోన్ చెవికి ఆనించుకొని కూర్చున్నది. మొదటిదానికి తల అడ్డం ఊపింది. రెండోదానికీ అంతే. మూడోది పెట్టంగనే, ఇంకా మొదటి మాట కూడా పూర్తి కాకముందే, ఫోన్‌ను గట్టిగ పట్టుకొని "గిదే" అన్నది.